మరణ ధ్రువపత్రంలో చోటులేని గాలి

2019 డిసెంబరు 6న లోక్‌సభలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ ఒక మాట అన్నారు. కాలుష్యం వల్ల ఆయుష్షు తగ్గుతుందని ఏ భారతీయ అధ్యయనమూ తేల్చలేదట. జనంలో అనవసర భయం పుట్టించవద్దట. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2018 డిసెంబరులో, భారత వైద్య పరిశోధనా మండలి భాగస్వామిగా సాగిన ఒక అధ్యయనం ‘లాన్సెట్ ప్లానెటరీ హెల్త్’ పత్రికలో అచ్చయింది. 2017 ఒక్క సంవత్సరంలో దేశంలో 12.4 లక్షల మరణాలు వాయు కాలుష్యం ఖాతాలోకి వస్తాయని, కాలుష్యం కనిష్ఠ స్థాయిలో ఉండి ఉంటే సగటు ఆయుర్దాయం 1.7 సంవత్సరాలు పెరిగేదని అది లెక్కగట్టింది. మండలి కేంద్ర ఆరోగ్య శాఖ కింద పనిచేసే సంస్థ. ఒక శాఖ లెక్కగట్టిన మరణాలు మరో శాఖ మంత్రి దృష్టిలో అధ్యయనం కిందికే రాలేదు.

2017 నవంబరులో, ఢిల్లీ పొగమంచులో మునిగి ఉన్నప్పుడు, అప్పటి పర్యావరణ మంత్రి హర్షవర్ధన్ కూడా ఒక మరణాన్ని కాలుష్యానికి ఆపాదించడం అతి అవుతుందనే అన్నారు. ఆయన స్వయంగా వైద్యుడు. ఆ తరువాతి సంవత్సరాల్లో పార్లమెంటులో ఇచ్చిన లిఖితపూర్వక సమాధానాల్లో ఈ వాదన ఒక స్థిరమైన వాక్యంగా కుదురుకుంది: మరణానికీ వాయు కాలుష్యానికీ మాత్రమే ప్రత్యక్ష సంబంధం ఉందని నిర్ధారించే సమాచారం లేదని. ఆ వాక్యంలోని బలమంతా ‘మాత్రమే’ అన్న పదంలో ఉంది. గుండెపోటుతో చనిపోయిన మనిషికి రక్తపోటు ఉండవచ్చు, మధుమేహం ఉండవచ్చు, బీడీ అలవాటు ఉండవచ్చు. అన్నీ ఉన్నచోట ఏ ఒక్కదాన్నీ దోషిగా నిలబెట్టలేరు. ప్రభుత్వాలకు ఈ వెసులుబాటు కొత్తది కాదు, మన దేశంలో పుట్టినదీ కాదు.

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ నగరాన్ని బొగ్గుపొగ కమ్మేసింది. ఆ పొగకు దాదాపు 4,000 మంది బలైనట్లు అధికారిక లెక్క. అసలు వివాదం ఆ తరువాత మొదలైంది. పొగ విడిపోయినా మరణాలు మామూలు స్థాయికి రాలేదు. 1953 జనవరి, ఫిబ్రవరి నెలల్లోనూ ఎక్కువగానే నమోదయ్యాయి. ఆరోగ్య శాఖ వాటిని ఫ్లూ జ్వరం ఖాతాలో వేసింది. అర్ధ శతాబ్దం తరువాత, 2001లో, మిషెల్ బెల్, డెవ్రా డేవిస్ అనే పరిశోధకులు ఆ లెక్కలను తిరగదోడి, ఆ అదనపు మరణాలలో కొద్ది భాగాన్ని మాత్రమే ఫ్లూ వివరించగలదని, మొత్తం దాదాపు 12,000 మంది పోయి ఉంటారని అంచనా వేశారు. ఊపిరాడక అయిదు రోజుల్లో పోయినవారిని లెక్కించారు; గాలి వల్ల దెబ్బతిని రెండు నెలల్లో పోయినవారికి వేరే జబ్బు పేరు దొరికింది.

ఆనాటి గృహనిర్మాణ మంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్ 1953లో మంత్రివర్గ సహచరులకు రాసిన రహస్య పత్రం తరువాత బయటపడింది. చేయగలిగింది పెద్దగా లేకపోయినా చాలా హడావుడిగా ఉన్నట్లు కనిపించవచ్చునని, ఈ రోజుల్లో అదే సగం విజయమని దాని సారాంశం. కమిటీ వేశారు. ఆ కమిటీ మాత్రం కంటితుడుపుగా మిగలలేదు. 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో 2021 ఆగస్టులో దాదాపు 20 కోట్ల రూపాయలతో ప్రారంభించిన పొగమంచు నిర్మూలన స్తంభాన్ని తలచుకుంటే, మాక్‌మిలన్ సూత్రంలో మొదటి సగమే మన దాకా వచ్చిందనిపిస్తుంది.

కంటికి కనిపించే పొగ మీద చట్టం చేయడం మన దేశంలో ఇంకా పాతది. 1905లో బెంగాల్ పొగ ఉపద్రవాల చట్టం, 1912లో బొంబాయి చట్టం వచ్చాయి. కలకత్తా జనపనార మిల్లుల పొగగొట్టాల నుంచి వచ్చే నల్లదనం ఎంత గాఢంగా ఉందో చూసి నేరం తేల్చేవారు. 1972 స్టాక్‌హోమ్ సదస్సు తరువాత, అక్కడ అంగీకరించిన బాధ్యతను నెరవేర్చేందుకు పార్లమెంటు 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం చేసింది. దాని చూపు కూడా ప్రధానంగా పొగగొట్టం మీదే. మూడేళ్ళకు భోపాల్ జరిగింది. గాలి ఒక్క రాత్రిలో చంపగలదని దేశం కళ్ళారా చూసింది. అదే గాలి ఇరవై ఏళ్ళలో చంపగలదన్న ఊహకు అది మరింత అడ్డు పడింది.

న్యాయస్థానాల చరిత్రలోనూ కనిపించే నష్టానిదే ముందు వరుస. ఎం.సి. మెహతా వేసిన తాజ్‌మహల్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పునిచ్చి, ఆ ప్రాంతంలో బొగ్గు వాడే 292 పరిశ్రమలను సహజవాయువుకు మారాలని, లేదా తరలిపోవాలని ఆదేశించింది. పాలరాయి పసుపెక్కడం అందరికీ కనిపించింది. ఢిల్లీ బస్సులను సీఎన్‌జీకి మార్చాలన్న ఆదేశం 1998 జూలై 28న వచ్చింది. అమలు పూర్తయ్యేసరికి 2002 చివరికి చేరింది. ఈ రెండో ఆదేశానికి మనుషుల ఆరోగ్యమే ఆధారం, అందులో సందేహం లేదు. అనిల్ అగర్వాల్ నాయకత్వంలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 1996లో వాహన కాలుష్యంపై వెలువరించిన నివేదికకు ‘నిదానపు హత్య’ అని అర్థమొచ్చే పేరు పెట్టింది. అయినా ఆనాటి చర్చంతా దగ్గు, ఉబ్బసం, ఊపిరితిత్తుల చుట్టూనే తిరిగింది. గుండె ప్రస్తావన అరుదు.

గుండెకు సంబంధించిన సాక్ష్యం అప్పటికే అమెరికాలో పోగవుతూ ఉంది. హార్వర్డ్ పరిశోధకులు ఆరు నగరాల్లో 8,111 మంది పెద్దలను పద్నాలుగు నుంచి పదహారేళ్ళ పాటు అనుసరించారు. 1993లో ఫలితాలు ప్రచురించారు. పొగతాగే అలవాటు, బరువు, చదువు వంటివన్నీ లెక్కలోంచి తీసేసిన తరువాత కూడా, అన్నింటిలోకి ఎక్కువ కాలుష్యం ఉన్న ఉక్కు పట్టణం స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు, అన్నింటిలోకి శుభ్రమైన పోర్టేజ్ కంటే 26 శాతం ఎక్కువగా తేలింది. 1995లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ సేకరించిన అయిదున్నర లక్షల మంది వివరాలతో చేసిన అధ్యయనం ఇదే దారిలో నడిచింది. 2004లో ఆర్డెన్ పోప్ బృందం మరణ కారణాలను విడదీసి చూసింది. ఊపిరితిత్తులలోకి వెళ్ళే ధూళి చంపుతున్నది ఎక్కువగా గుండె ద్వారా. సూక్ష్మధూళి సగటు ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే గుండె రక్తనాళాలు మూసుకుపోయి వచ్చే మరణాల ముప్పు 18 శాతం పెరిగింది.

ఎందుకలా జరుగుతుందన్నది ఇప్పుడు చాలావరకు తెలిసిన విషయమే. పీఎం 2.5 అనే రేణువు తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. ముక్కులో, గొంతులో ఆగదు. ఊపిరితిత్తుల చిట్టచివరి గాలితిత్తుల దాకా వెళ్ళి అక్కడ వాపు పుట్టిస్తుంది. ఆ వాపు ప్రభావం రక్తంలోకి పాకుతుంది. అతి చిన్న రేణువులు తామే రక్తంలోకి చేరగలవు. ధమనుల లోగోడల్లో కొవ్వు పేరుకోవడం వేగమవుతుంది, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, రక్తపోటు ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి సాగిన ఈ పని ఏదో ఒక ఉదయం గుండెపోటుగా బయటపడుతుంది. ఆ ఉదయం గాలి నాణ్యత సూచిక బాగానే ఉండవచ్చు.

అమెరికా పరిశ్రమలు ఈ ఫలితాలను ఊరికే ఒప్పుకోలేదు. 1997లో అక్కడి పర్యావరణ సంస్థ పీఎం 2.5కు తొలిసారి పరిమితి పెట్టినప్పుడు, అధ్యయనాల మూల సమాచారం బయటపెట్టాలని పట్టుబట్టాయి. స్వతంత్ర బృందం మొత్తం లెక్కను మళ్ళీ చేసి 2000లో పాత ఫలితాలనే ధ్రువీకరించింది. గాలి ప్రమాణాన్ని ఆరోగ్యం ఆధారంగానే నిర్ణయించాలని, పరిశ్రమకయ్యే ఖర్చు అందులోకి రాకూడదని 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అనుమానం ఉన్నచోట అక్కడ లెక్క మళ్ళీ చేశారు. ఇక్కడ అనుమానమే సమాధానమైపోయింది.

భారతదేశం పీఎం 2.5కు ప్రమాణం పెట్టింది 2009 నవంబరులో: వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది 10. 2021లో దాన్ని 5కు తగ్గించింది. ఆ 40 అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా వెళ్ళనక్కరలేదు. జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య హైదరాబాద్ పరిసర గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారంగా ఉప్మా పెట్టి ఒక ప్రయోగం చేసింది. ఆ పిల్లలను, వారి తల్లిదండ్రులను పరిశోధకులు తరువాత కూడా వదలకుండా పరీక్షిస్తూ వచ్చారు. ఆ కుటుంబాలున్న 28 గ్రామాల్లో 3,372 మంది మెడ ధమనుల గోడ మందాన్ని, వారు పీల్చే గాలిని కలిపి చూసిన అధ్యయనం 2020లో వెలువడింది. అక్కడి సూక్ష్మధూళి సగటు దాదాపు 33 మైక్రోగ్రాములు, అంటే భారత ప్రమాణం ప్రకారం అది స్వచ్ఛమైన గాలి. ధూళి ఎక్కువైన చోట ధమనుల గోడ కూడా మందంగా కనిపించింది. పురుషుల్లో, నలభై దాటినవారిలో ఆ సంబంధం మరింత బలంగా ఉంది. పొగ బయటికి పోని చోట కట్టెల పొయ్యి మీద వండే స్త్రీలలోనూ ఇదే జాడ. గుండె జబ్బుకు ఇది ముందస్తు గుర్తు. చట్టం అనుమతించిన గాలిలోనే ఆ గుర్తు పడుతోంది.

దేశ రాజకీయాలు నవంబరులో ఢిల్లీ ఆకాశాన్ని చూసి మేలుకొని ఫిబ్రవరికి నిద్రపోతాయి. పంజాబ్ రైతు, హర్యానా రైతు, ఎవరి ప్రభుత్వం అన్న తగువుతో ఆ మూడు నెలలు గడిచిపోతాయి. ఆంక్షలు రోజువారీ సూచికను బట్టి విధిస్తారు, ఎత్తేస్తారు. గుండె మాత్రం ఏడాది పొడవునా పీల్చిన గాలిని లెక్క పెట్టుకుంటుంది. పైగా ముప్పు రేఖ మొదట్లో నిటారుగా లేచి, ధూళి బాగా పెరిగినచోట వాలు తగ్గుతుంది. కాబట్టి ఢిల్లీలో 100ను 90కి దించడం కంటే, దక్షిణాది నగరంలో 35ను 25కు దించితే మనిషికి దక్కే ప్రయోజనం ఎక్కువ కావచ్చు. ఈ మాట చెప్పుకుంటే హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో ‘మన గాలి ఢిల్లీ కంటే నయం’ అనే ఊరట నిలబడదు. ఢిల్లీలోనూ పోయేది వృద్ధులే అనుకోవడం పొరపాటు: అక్కడి రోజువారీ మరణాలపై ప్రపంచ బ్యాంకు 1997లో వెలువరించిన అధ్యయనంలో ధూళి ప్రభావం అన్నింటికంటే ఎక్కువగా కనిపించింది 15–44 ఏళ్ళవారి మీద.

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల పనితీరును కొలిచేది పీఎం 10తో, అంటే ముతక ధూళితో. 2024 జూలై నాటి సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క ప్రకారం ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్లు ఊడ్వడం, నీళ్ళు చల్లడం వంటి దుమ్ము పనులకే పోయింది. పరిశ్రమల కాలుష్యానికి దక్కినది ఒక్క శాతం లోపే. రోడ్డు ఊడ్చే యంత్రాన్ని పక్కన నిలబడి ఫోటో తీయించుకోవచ్చు. బొగ్గు విద్యుత్ కేంద్రం వదిలే గంధకపు వాయువు గాలిలో కలిసి సూక్ష్మధూళిగా మారడాన్ని ఏ కెమెరా పట్టదు.

‘భారతీయ అధ్యయనం ఏదీ?’ అన్న ప్రశ్నకు జవాబులు ఆగలేదు. మండలి భాగస్వామ్యంలోనే 2020 డిసెంబరులో వచ్చిన రెండో లెక్క 2019 మరణాలను 16.7 లక్షలుగా చూపింది. 2024 డిసెంబరులో ‘లాన్సెట్ ప్లానెటరీ హెల్త్’లో వచ్చిన మరో అధ్యయనం 2009–2019 మధ్య 655 జిల్లాల భారతీయ సమాచారాన్నే వాడి, వార్షిక సగటు 10 మైక్రోగ్రాములు పెరిగిన చోట మరణాలు 8.6 శాతం పెరిగాయని తేల్చింది.

ఇక ధ్రువపత్రం సంగతి. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం రాసి ధ్రువీకరించినవి 22.5 శాతమే. వాటిలో దాదాపు మూడో వంతు గుండె, రక్తప్రసరణ జబ్బులవి. లండన్‌లో ఉబ్బసంతో పోయిన తొమ్మిదేళ్ళ బాలిక మరణానికి వాయు కాలుష్యం ఒక కారణమని అక్కడి మరణ విచారణాధికారి 2020 డిసెంబరులో నమోదు చేసినప్పుడు, ఆమె పోయి ఏడేళ్ళయింది. తల్లి పట్టు విడవనందునే విచారణ రెండోసారి జరిగింది. మన దగ్గర నాలుగింట మూడు మరణాలకు కారణం రాసే వైద్యుడే లేడు. రాసిన చోట ‘గుండె ఆగిపోవడం’ అన్న మాటతో పత్రం పూర్తవుతుంది. ఆ పత్రాలను ముందుపెట్టుకుని, అందులో కాలుష్యం పేరు లేదు కాబట్టి సంబంధం నిరూపణ కాలేదని సభకు చెబుతారు.