జపాన్ లోకల్ బీరు కథ: గ్లాసులో రుచిని మార్చిన ఒక చట్టం

ఈరోజు కథ ఒక టిన్ను బీరుతో మొదలవుతుంది.

నేను 2016లో ఉద్యోగం మీద టోక్యో వెళ్లాను. నిషికసాయిలో ఉండేవాణ్ని. మన ఇండియా వాళ్లు, అందులోనూ ఐటీ వాళ్లు ఎక్కువగా ఉండే ఏరియా అది. మొదటి వారం పక్కనున్న కొంబినికి, అంటే రాత్రీ పగలూ తెరిచి ఉండే చిన్న షాపుకి వెళ్లి, అన్నిటికన్నా చవకగా ఉన్న ఒక టిన్ను తెచ్చుకున్నాను. రంగు బీరే, నురగ బీరే. తాగితే మాత్రం ఏదో తేడా. నీళ్లు కలిపినట్టుంది.

మర్నాడు ఆఫీసులో ఈ మాట చెబితే మా కొలీగ్ ఒకాయన పెద్దగా నవ్వాడు. "అది బీరు కాదు, హప్పోషు" అన్నాడు. టిన్ను మీద చిన్న అక్షరాల్లో రాసే ఉందట. నాకు జపనీస్ చదవడం వస్తే కదా!

హప్పోషు అంటే మాటకి మాట 'నురగ మద్యం'. ఇందులో మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, తక్కువ వేస్తారు. ఎందుకు తక్కువ? రుచి కోసం కాదు. పన్ను కోసం! నేనున్న రోజుల్లో 350 మిల్లీలీటర్ల బీరు టిన్ను మీద 77 యెన్లు పన్ను. మాల్ట్ 25 శాతం కన్నా తక్కువున్న హప్పోషు మీద దాదాపు 47 యెన్లు. అసలు మాల్టే లేకుండా బఠాణీ ప్రొటీన్ లాంటివాటితో చేసిన 'మూడో రకం' మీద 28 యెన్లే. అర్థమైంది కదా? ఒక దేశంలో జనం ఏ రుచి తాగాలో నాలుక కాదు, పన్ను చట్టం నిర్ణయిస్తోంది. ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1853లో అమెరికా నౌకాదళ అధికారి పెర్రీ నల్లటి ఓడలతో జపాన్ తీరానికి వచ్చాడు. రెండు శతాబ్దాలకు పైగా బయటి ప్రపంచానికి దాదాపుగా మూసి ఉంచిన తలుపులు తెరవక తప్పలేదు. 1859లో యొకొహామా రేవు తెరిచారు. విదేశీ వ్యాపారులు, నావికులు దిగారు. వాళ్లకి బీరు కావాలి. ఇంగ్లండ్ నుంచి ఓడలో రావాలంటే ఖర్చు ఎక్కువ. సరిగ్గా అక్కడే విలియం కోప్లండ్ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. నార్వేలో పుట్టి అమెరికా వెళ్లినవాడు. 1870 ప్రాంతంలో యొకొహామాలో స్ప్రింగ్ వ్యాలీ అనే బ్రూవరీ పెట్టాడు. బీరు బాగానే ఆడింది గానీ 1884కల్లా ఆయన దివాలా తీశాడు. ఆ స్థలంలోనే మరుసటేడు కొత్త కంపెనీ వచ్చింది. ఆ కంపెనీ 1888లో వదిలిన బీరు పేరు కిరిన్. అవును, ఇప్పటికీ ఉన్న కిరినే.

ఇంకో మనిషి కథ నాకు చాలా ఇష్టం. పేరు నకగావా సెయిబెయి. 1865లో, పదిహేడేళ్ల వయసులో, దేశం దాటడమే నేరమైన రోజుల్లో ఇంగ్లండ్ పారిపోయాడు. అక్కణ్నుంచి జర్మనీ చేరి, బెర్లిన్‌కి చెందిన ఒక బ్రూవరీలో రెండేళ్లు పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చేసరికి దేశం మారిపోయింది. మేజీ ప్రభుత్వం ఉత్తరాన హొక్కైడో దీవిని అభివృద్ధి చేయాలని చూస్తోంది. పారిపోయిన కుర్రాడే ఇప్పుడు సర్కారుకి కావలసిన మనిషయ్యాడు. 1876లో సప్పొరోలో ప్రభుత్వ బ్రూవరీ పెడితే దానికి బీరు చేసింది ఈయనే.

అంత దూరం ఎందుకు, టోక్యోలోనే పెట్టొచ్చు కదా అంటారా? మొదట అనుకున్నదీ అదే. కానీ జర్మన్ పద్ధతి లాగర్ బీరు చల్లటి చోట, నెమ్మదిగా పులియాలి. ఫ్రిజ్‌లు లేని కాలం. హొక్కైడోలో మంచు ఉంది, బార్లీ పండుతుంది. అందుకే అక్కడ. సప్పొరో టిన్ను మీద నక్షత్రం చూశారా? ఆ అభివృద్ధి సంస్థ గుర్తే అది, ధ్రువ నక్షత్రం.

టోక్యోలో ఎబిసు అని ఒక స్టేషన్ ఉంది. ఏదో పాత ఊరి పేరనుకున్నాను. కాదు! ముందు వచ్చింది బీరు. 1890లో ఎబిసు అనే బీరు మొదలైంది. ఆ సరుకు పంపడానికి 1901లో గూడ్స్ స్టేషన్ పెట్టారు. ఆ తర్వాత స్టేషన్‌కీ, ఊరికీ అదే పేరు. ఇప్పటికీ ఆ స్టేషన్‌లో రైలు కదిలే ముందు వినిపించే ట్యూన్ ఆ బీరు యాడ్‌లో వాడిందే.

సరే, ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ రోజుల్లో జపాన్‌లో చిన్న చిన్న బ్రూవరీలు చాలానే ఉండేవి. మరి ఏమయ్యాయి?

యుద్ధాలు వచ్చాయి. 1894-95లో చైనాతో యుద్ధం, తర్వాత రష్యాతో యుద్ధానికి తయారీ. సైన్యానికి డబ్బు కావాలి. మద్యం మీద పన్ను అప్పటికే ఖజానాకి పెద్ద దిక్కు. 1899లో ఇంట్లో మద్యం తయారు చేసుకోవడం నిషేధించారు. పల్లెల్లో రైతులు బియ్యంతో తెల్లగా, చిక్కగా కాచుకునే దొబురొకు ఒక్కసారిగా నేరమైపోయింది. సొంతంగా చేసుకుంటే పన్ను రాదు కదా మరి. 1901లో బీరు మీదా పన్ను వేశారు. చిన్నవాళ్లు తట్టుకోలేకపోయారు. 1906లో మూడు పెద్ద కంపెనీలు కలిసి ఒక్కటయ్యాయి. లైసెన్సు కావాలంటే ఏడాదికి కనీసం ఇంత తయారు చేయాలి అని రూలు పెట్టి, ఆ 'ఇంత'ని పెంచుకుంటూ పోయారు. చివరికి అది ఏడాదికి 20 లక్షల లీటర్ల దగ్గర ఆగింది. మన 650 మిల్లీలీటర్ల సీసాల లెక్కలో 30 లక్షల సీసాలకు పైనే. ఊళ్లో ఎవరైనా సరదాగా మొదలుపెట్టే పనేనా అది?

ఫలితం ఏమిటంటే, దేశమంతా కిరిన్, అసాహి, సప్పొరో, 1963లో వచ్చిన సన్‌టోరీ. ఒకినావాలో ఓరియన్. అంతే. దాదాపు అందరూ అదే పల్చటి, బంగారు రంగు లాగర్. 1987లో అసాహి 'సూపర్ డ్రై' వదిలితే మిగతావాళ్లూ 'డ్రై' బీర్లతో వెంటపడ్డారు.

ఇక 1994కి వద్దాం. జపాన్ ప్రభుత్వం వ్యాపార నిబంధనలు సడలిస్తూ ఆ 20 లక్షల లీటర్ల పరిమితిని ఒక్కసారిగా 60 వేల లీటర్లకి తగ్గించింది. అంటే సుమారు 92 వేల సీసాలు. ఒక చిన్న ఊరి వ్యాపారి ధైర్యం చేయగల లెక్క. 1995 ఫిబ్రవరిలో నీగతా ప్రాంతంలో ఎచిగో బీర్ తలుపులు తెరిచింది. అలాంటివాటికి జనం పెట్టుకున్న పేరు 'జి-బీరు'. 'జి' అంటే నేల. మన మాటల్లో చెప్పాలంటే ఊరి బీరు.

ఇప్పుడు ఒక్క నిమిషం. 1994 చివర, 1995 మొదలు అంటే మీకేమైనా గుర్తొస్తోందా? మీరు పుట్టి ఉండరు. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

మాది నెల్లూరు జిల్లా. 1992లో మా జిల్లాలో దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. ముందు నిలబడినవాళ్లలో దూబగుంట రోశమ్మ ఒకరు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, పాఠంలో ఒక తాగుబోతు మొగుడి కథ చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం.

అంటే ఒకే శీతాకాలంలో అక్కడ ఊరి బీరుకి తలుపు తెరిచారు, ఇక్కడ బీరు సహా అన్నిటికీ తలుపు మూశారు.

జపాన్ నుంచి ఒకసారి ఫోన్‌లో మా అమ్మమ్మకి ఈ ఊరి బీర్ల గురించి గొప్పగా చెప్పాను. ఆవిడ అంతా విని, "నాయనా, అక్కడ ఆడోళ్లు ఏమంటన్నారు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్నని మాత్రం వదల్లేకపోయాను.

ఆ తర్వాత శని, ఆదివారాల్లో రైలెక్కి ఊళ్లు తిరిగాను. తాగింది తక్కువ, అడిగింది ఎక్కువ. ఇబరాకిలో కియుచి అనే కుటుంబం 1823 నుంచి సాకె చేస్తోంది. 1996లో బీరు మొదలుపెట్టింది. గుడ్లగూబ బొమ్మతో వచ్చే హితచినో నెస్ట్ వాళ్లదే. వాళ్ల ఎర్రబియ్యం బీరు తాగితే చివర్లో కొంచెం పులుపు తగులుతుంది. ఇసెలో 1575 నుంచి మోచి, అంటే జిగురు బియ్యంతో చేసే మెత్తటి ఉండలు అమ్మే కుటుంబం 1997లో బీరులోకి దిగింది. కవగోయెలో చిలగడదుంపతో చేస్తారు. నుమజులో ఒక అమెరికన్, జపనీస్ జంట 30 లీటర్ల చిన్న పాత్రతో మొదలుపెట్టింది, బెయర్డ్ బీర్ అని. 60 వేల లీటర్లు పూర్తి చేయాలంటే ఎన్నిసార్లు కాచాలో లెక్కేసుకోండి. రెండు వేల సార్లు! అందుకే చాలామంది చిన్నవాళ్లు హప్పోషు లైసెన్సు తీసుకుంటారు. దానికి ఏడాదికి 6 వేల లీటర్లు చాలు.

అన్నీ నిలబడ్డాయా? లేదు. 1990ల చివరికి బ్రూవరీలు దాదాపు 300 దాకా పెరిగి, తర్వాత టపటపా మూతపడ్డాయి. ఊరికి టూరిస్టులు రావాలని పెట్టినవి చాలా. పని రాదు, ధర ఎక్కువ, రుచి అంతంత. ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనలేదు. పక్కనే చవక హప్పోషు ఉందాయె. పని నేర్చుకున్నవాళ్లే మిగిలారు. తర్వాత రెండో తరం వచ్చింది, ఈసారి గట్టిగా.

చట్టం కూడా కదిలింది. 2018 దాకా 67 శాతం మాల్ట్ ఉంటేనే బీరు. నారింజ తొక్కో ధనియాలో వేస్తే, ఎంత మంచిదైనా అది చట్టం దృష్టిలో హప్పోషు. 2018లో దాన్ని 50 శాతానికి తగ్గించి, పండ్లు, మసాలా దినుసులు కొంతవరకు వేసుకోవచ్చన్నారు. 2020 నుంచి పన్నుల తేడా మెట్టుమెట్టుగా తగ్గిస్తున్నారు. 2026 అక్టోబరుకి మూడు రకాలకీ ఒకే పన్ను, 350 మిల్లీలీటర్లకి 54.25 యెన్లు. నేను కొన్న ఆ చవక టిన్ను పుట్టిన కారణమే పోతుందన్నమాట. ఇంట్లో చేసుకోవడం మాత్రం ఇప్పటికీ నేరమే. 1899 నాటి ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు.

మరి మన నిషేధం? 1997లో సడలించారు. ఖజానా ఆగలేకపోయింది. రెండు కథల్లోనూ చివరికి కనిపించేది ఆ ఖజానాయే. జపాన్‌లో ఎవరు తయారు చేయాలో అదే చెప్పింది, మన దగ్గర ఎవరి మాట ఎన్నాళ్లు వినాలో అదే చెప్పింది. ఒక్క తేడా ఉంది. జపాన్ చట్టాన్ని పైనున్నవాళ్లు మార్చారు. మన చట్టాన్ని చదువు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్లు మార్పించారు. అది రెండేళ్లే నిలిచింది, నిజమే. కానీ అలా మార్పించొచ్చని చూపించింది వాళ్లే.

జపాన్‌లో ఒక పద్ధతి ఉంది. నలుగురు కూర్చున్నప్పుడు ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు, పక్కవాడు పోస్తాడు. పక్కవాడి వైపు చూడాలి అన్నమాట. మా అమ్మమ్మ అడిగింది కూడా అదేననిపిస్తుంది. గ్లాసు చేతిలో ఉన్నప్పుడు పక్కన ఎవరున్నారో, ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో చూడమని.

చివరగా ఒక మాట. జపాన్‌లో తాగడానికి 20 ఏళ్లు, మన రెండు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండాలి. ఈ వీడియో తాగమని చెప్పడానికి కాదు. ఈ రాత్రి మీ అమ్మమ్మనో నాయనమ్మనో 1992లో మీ ఊళ్లో ఏం జరిగిందో అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.