దురద మాత్ర, దిగులు మాత్ర, ఈసినోఫిల్ కణం

రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు పెరగడాన్ని జనం పిలిచే ‘ఈస్నోఫీలియా’ అన్న మాట కృష్ణా డెల్టాలో వినని ఇల్లు అరుదు. బందరు (మచిలీపట్నం) నుంచి మంగినపూడి తీరం వైపు వెళితే సరుగుడు తోటలూ సర్కారు తుమ్మ పొదలూ కనిపిస్తాయి. ఆ రెండింటి పుప్పొడీ అలర్జీ తెచ్చేదే. వీటికి కోతల కాలంలో వడ్ల దుమ్ము, ఊళ్ళ మురుగు కాలవల్లో పెరిగి ఫైలేరియాను మోసే క్యూలెక్స్ దోమ తోడవుతాయి. తుమ్ములు, దురదలు, రాత్రిపూట పిల్లికూతలు మొదలైతే జనం మందుల షాపుకెళ్ళి ‘ఓ సిట్రజిన్ ఇవ్వండి’ అంటారు. ఆయాసంతో నిద్ర కరువై గుండె దడదడలాడితే ఇంకెవరో నిద్రమాత్ర చేతిలో పెడతారు. ఈ రెండు మాత్రలూ రోగనిరోధక కణాల మీద ఎంతో కొంత పనిచేసేవే. అయితే లక్షణం తగ్గడం వేరు, కణం శాంతించడం వేరు. ఆ తేడా తెలియకపోతే డెల్టాలో ఊపిరితిత్తులే దెబ్బతింటాయి.

అలర్జీ మందులదీ మనసు మందులదీ చాలావరకు ఒకే పుట్టిల్లు. అలర్జీ లక్షణాలు తెచ్చే హిస్టమిన్ అనే రసాయనం శరీరంలో ఏం చేస్తుందో హెన్రీ డేల్, ప్యాట్రిక్ లెయిడ్లా 1910లో వివరించారు. దాన్ని అడ్డుకునే మొదటి పదార్థం 1937లో పారిస్ పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే చేతుల మీదుగా వచ్చింది. ఆయనకు 1957లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ తరువాతి తరం అలర్జీ మందు ప్రొమెథజిన్ మనుషుల్ని మత్తుగా, నిశ్చింతగా ఉంచడం గమనించిన ఫ్రెంచి పరిశోధకులు ఆ దారిలోనే క్లోర్‌ప్రోమజిన్‌ను తయారు చేశారు. ఆధునిక మానసిక వైద్యానికి అదే మలుపు. 1950ల నడుమ బెల్జియంలోని యూసీబీ కంపెనీ హైడ్రాక్సిజిన్‌ను తెచ్చింది. ‘అటరాక్స్’ పేరుతో అది దురదకూ ఆందోళనకూ రెంటికీ చెల్లింది. శరీరం హైడ్రాక్సిజిన్‌ను కాలేయంలో మార్చి తయారు చేసుకునే పదార్థమే సెట్రిజిన్. అది మెదడులోకి తక్కువగా వెళుతుంది కాబట్టి మత్తూ తక్కువే.

ఈ మాత్రలు కణాల దగ్గర చేసే పని హిస్టమిన్‌ను ఆపడంతో సరిపోదు. హిస్టమిన్‌ను అందుకునే హెచ్-1 గ్రాహకం అది లేనప్పుడు కూడా కొంత చురుగ్గానే ఉంటుంది, కణంలో వాపు జన్యువులను నడిపే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను కదిలిస్తుంది. యాంటీహిస్టమిన్లు ఆ చురుకును కూడా తగ్గిస్తాయి. అలర్జీ రోగుల చర్మం మీద పుప్పొడి తగిలించి చేసిన పరీక్షల్లో సెట్రిజిన్ తీసుకున్నవారి చర్మంలోకి ఈసినోఫిల్ కణాలు తక్కువగా చేరాయని 1980ల చివరలోనే తేలింది. కణాలు రక్తనాళం గోడకు అతుక్కుని బయటికి రావడానికి వాడే ఐకామ్-1 అనే అతుకు కూడా ఈ మందుతో తగ్గుతుందని ఇటలీ పరిశోధకులు చూపించారు. ఇదంతా నిజమే గానీ, వీటిలో చాలా ఫలితాలకు మందు మోతాదు బాగా ఉండాలి. రోజుకో మాత్రతో రక్తంలో ఈసినోఫిల్స్ సంఖ్య పడిపోతుందని ఆశించకూడదు. ‘అలర్జీ బిళ్ళలు వేసుకుంటే రోగనిరోధక శక్తి పోతుంది’ అని ఊళ్ళో వినిపించే భయానికీ ఆధారం లేదు. మామూలు మోతాదులో అవి అంటురోగాలకు తలుపు తీయవు.

కొత్త పరిశోధనలు మరింత ముందుకు వెళ్ళాయి. కోవిడ్‌తో పారిస్ ఆసుపత్రుల్లో చేరినవారి రికార్డులను చూసిన ఒక బృందం, హైడ్రాక్సిజిన్ వాడినవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2021లో రాసింది. 2022లో హ్యూస్టన్ శాస్త్రవేత్తలు, కణితిలోని మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల మీది హెచ్-1 గ్రాహకం టి కణాలను అణచి ఉంచుతోందనీ, దాన్ని మూస్తే క్యాన్సర్ ఇమ్యూనోథెరపీ మెరుగుపడవచ్చనీ సూచించారు. మొదటిది పాత రికార్డుల పరిశీలన, రెండోది ప్రయోగశాలకూ రోగుల లెక్కలకూ నడుమ ఉన్న సూచన. వీటిని చదివి ఎవరూ మందు మొదలుపెట్టకూడదు. పైగా హైడ్రాక్సిజిన్ గుండె లయను చెదరగొట్టగలదని 2015లో యూరప్ మందుల సంస్థ హెచ్చరించి, పెద్దలకు రోజుకు 100 మి.గ్రా., వృద్ధులకు 50 మి.గ్రా. మించకూడదని గీత గీసింది.

ఆందోళన మాత్రల్లో ఎక్కువగా వాడేవి డయాజెపామ్, అల్‌ప్రాజోలం. మెదడులో గాబా అనే రసాయనం పని పెంచడమే వీటి పద్ధతి. గాబా గ్రాహకాలు టి కణాల మీదా, ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌ల మీదా కూడా ఉన్నాయి. డయాజెపామ్ ఇచ్చిన ఎలుకల్లో న్యుమోనియా చావులు పెరిగాయని 2013లో వెలువడిన పరిశోధన చెప్పింది. మనుషుల లెక్కలు మాత్రం ఒకదానికొకటి పొసగడం లేదు. అల్‌ప్రాజోలం మరో చిత్రం చేస్తుంది. ప్లేట్‌లెట్లను గుంపుకట్టించే పాఫ్ అనే వాపు రసాయనాన్ని అది అడ్డుకుంటుందని 1984లోనే తేలింది. తెలంగాణలో ఇదే మందును కల్తీ కల్లులో కలిపి అమ్మడం, 2015లో ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు వందలమంది మతిచలించి ఆసుపత్రులపాలు కావడం అందరికీ గుర్తున్నదే. ఊపిరి అందని మనిషికి ఈ మాత్ర ఇవ్వడం ప్రమాదం. అది కంగారును తగ్గిస్తూనే శ్వాసను కూడా మందగింపజేస్తుంది.

ఇక ఈసినోఫిల్. సూక్ష్మదర్శిని కింద తేలిగ్గా గుర్తుపట్టగల కణం అది. రెండు తమ్మెల కేంద్రకం, చుట్టూ కిక్కిరిసిన నారింజ ఎరుపు రేణువులు, దానిమ్మ గింజలు కుక్కినట్టు ఉంటుంది. పాల్ ఎర్లిక్ 1879లో దానికి పేరు పెట్టాడు. ఆ రేణువుల్లోని ప్రోటీన్లు పురుగులను చంపడానికి పనికొస్తాయి. అవే ఊపిరితిత్తుల పొరలనూ కాల్చేస్తాయి.

ఈ కణం వల్ల వచ్చే ఒక ఊపిరితిత్తుల జబ్బును వైద్య సాహిత్యంలోకి మొదట ఎక్కించినవారిలో తెలుగునేల మీద పనిచేసినవారున్నారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్, బార్టన్ 1940లో కొందరు రోగుల గురించి రాశారు. ఎక్స్‌రేలో క్షయ లాగా ఉంది, కఫంలో క్షయ క్రిములు లేవు, రక్తంలో మాత్రం ఈసినోఫిల్స్ విపరీతం. 1943లో వైన్‌గార్టెన్ దానికి ‘ట్రాపికల్ ఈసినోఫీలియా’ అని పేరుపెట్టి, ఆర్సెనిక్ మందులతో నయం చేశాడు. అసలు కారణం ఫైలేరియా పురుగు పిల్లలని తరువాత తేలింది. బోదకాలు తెచ్చే పురుగే ఇదీ తెస్తుంది. కొందరి శరీరం ఆ పిల్లలను ఊపిరితిత్తుల్లో పట్టుకుని మరీ తీవ్రంగా ఎదుర్కొంటుంది. అందుకే వీరి రక్తంలో, అర్ధరాత్రి తీసి చూసినా, పురుగు పిల్లలు కనబడవు.

దీనికి మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే ప్రయోగశాల నుంచే వచ్చింది. పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో మొదలైన అన్వేషణ 1947లో డైఇథైల్‌కార్బమజిన్ దగ్గర ఆగింది. ‘హెట్రజాన్’ అన్న పేరు అదే. ఆ మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. ఈ మందు నిర్మాణంలో పైపరజిన్ వలయం ఉంది. హైడ్రాక్సిజిన్‌లోనూ సెట్రిజిన్‌లోనూ అదే వలయం ఉంది. అయినా వాటి దారులు వేరు. హెట్రజాన్ గాజు పాత్రలో పురుగు పిల్లలను అంతగా చంపదు. మనిషి కణాల్లోని లిపాక్సిజనేస్, సైక్లో-ఆక్సిజనేస్ దారులను మార్చి, ప్లేట్‌లెట్లూ తెల్లకణాలూ ఆ పని చేసేలా చూస్తుంది. పురుగును చంపే మందు నిజానికి రోగనిరోధక కణాల మందు కూడా. తెలుగువాళ్ళు సుబ్బారావు పేరు తలిచేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పుకోవాలి.

రాత్రి దగ్గు, పిల్లికూత, ఘనమిల్లీమీటరుకు 3,000 దాటిన ఈసినోఫిల్స్, బాగా పెరిగిన ఐజీఈ యాంటీబాడీ ఉన్న మనిషికి నెలల తరబడి సెట్రిజిన్ ఇస్తే ముక్కు ఆరుతుంది, పురుగు మిగులుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంతకంటే మోసం. ఒక్క రోజులో కౌంట్ పడగొట్టి పరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది. పేగుల్లో స్ట్రాంగిలాయిడ్స్ పురుగు దాగి ఉంటే ప్రాణం మీదికే తెస్తుంది. కిలో బరువుకు 6 మి.గ్రా. చొప్పున మూడు వారాల హెట్రజాన్ ఇక్కడ సరైన చికిత్స. అది డాక్టరు చూసి ఇవ్వవలసినదే.

మూడు వారాలతో కథ పూర్తి కాదు. చెన్నై క్షయ పరిశోధన కేంద్రం వైద్యులు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 1980లలో ఇలాంటి రోగుల ఊపిరితిత్తులను ఉప్పునీటితో కడిగి చూశారు. ఆ ద్రవంలోని కణాల్లో దాదాపు సగం ఈసినోఫిల్సే. హెట్రజాన్ మొదలుపెట్టిన రెండు వారాల్లోపే అవి బాగా తగ్గాయి. కానీ కొందరిలో నెలలు గడిచాక కూడా సన్నపాటి వాపు మిగిలే ఉంది. మచ్చలు పడి ఊపిరితిత్తి బిగుసుకుపోయే ముప్పు అలాంటివారికి ఉంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మంగినపూడి, గుడివాడ, దివిసీమ ఊళ్ళ నుంచి రాత్రి దగ్గుతో వచ్చేవారికి మాత్ర చీటీ రాసే ముందే ఈసినోఫిల్ కౌంట్, ఐజీఈ, అప్పటికే వాడుతున్న అలర్జీ, నిద్ర, స్టెరాయిడ్ మందుల వివరం నమోదు చేసి, చికిత్స అయ్యాక ఏడాదిపాటు ఊపిరితిత్తుల పనితీరు కొలవడం అక్కడ చేయదగిన పని.