ఇసుకలో నడిచే సైకిలు

హైదరాబాదు నుండి కర్నూలు వెళ్లే రహదారిపై, కృష్ణానది వంతెన వద్ద బీచుపల్లి ఉన్నది. ఆంజనేయస్వామి క్షేత్రంగా ఈ ఊరు ప్రసిద్ధి చెందినది. 2004లోను, 2016లోను కృష్ణా పుష్కరాలకు లెక్కకు మిక్కిలిగా జనం ఇక్కడికి వచ్చి స్నానాలు చేశారు. విద్యార్థులు గమనించదగిన విశేషం ఇక్కడ ఇంకొకటి ఉన్నది. వంతెన మీద తారురోడ్డుపై సైకిలు సునాయాసంగా సాగిపోతుంది. అదే సైకిలును వేసవిలో ఏటి ఇసుకలోకి దించి చూడండి. పది గజాలు పోకముందే ముందుచక్రం కూరుకుపోతుంది. ఎక్కినవాడు దిగి తోసుకుంటూ నడవవలసిందే. మనిషి అతడే, సైకిలు అదే. మారినది కింద నేల మాత్రమే.

ఇటీవల పట్టణాల దుకాణాలలో నాలుగు అంగుళాల వెడల్పు గల లావు టైర్ల సైకిళ్లు కనిపిస్తున్నవి. చూపులకు మోటారు సైకిలును తలపిస్తాయి కనుక పిల్లలు అవే కావాలంటారు. ఖరీదు హెచ్చు కనుక తల్లిదండ్రులు ఆలోచనలో పడుతారు. రోజూ సైకిలు మీద బడికి పోయే పిల్లవాడు ఉన్న ఇంట ఇది చిన్న విషయం కాదు. ఇట్టి సైకిలు కొనదగినదేనా? దీనికి సమాధానం చక్రం చరిత్రలోనే ఉన్నది.

గాలి చక్రం పుట్టుక

1860 ప్రాంతపు సైకిళ్లకు కొయ్య చక్రాలు, వాటిపై ఇనుప పట్టాలు ఉండేవి. ఎక్కినవాని ఒళ్లు హూనమయ్యేది. ఇంగ్లండులో వాటిని ‘ఎముకలు కదిలించే బండ్లు’ అని పరిహాసం చేసేవారు. నిజానికి అంతకుముందే, 1845లో, రాబర్టు విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందాడు. కాని ఆనాడు దానిని వాడుకొనేవారు లేక ఆ సంగతి మరుగున పడిపోయింది. 1887లో బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల బండికి రబ్బరు గొట్టాలు చుట్టి గాలి నింపాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి సంవత్సరమే గాలి టైర్ల సైకిలు పందేలలో గెలిచి అందరినీ ఆశ్చర్యపరచింది. థామ్సన్ పేటెంటు సంగతి బయటపడి డన్‌లప్ హక్కు చెల్లకపోయినా, లోకంలో నిలిచినది డన్‌లప్ పేరే.

మన టైరు బండి

మన పల్లెల సంగతి చూతాము. ఎడ్లబండి కొయ్య చక్రానికి ఇనుప పట్టా తొడిగేవారు. రెండు వేళ్ల వెడల్పు గల ఆ పట్టా మీద బండెడు బరువు పడేది. తడిసిన నేలలో అది కత్తివలె దిగి లోతైన గాడి చేసేది. తర్వాతి బండ్లు ఆ గాడిలోనే పోవాలి. ‘గాడి తప్పటం’ అనే మాట మన భాషలో ఊరికే నిలవలేదు. 20వ శతాబ్దంలో ఎడ్లబండ్లకు గాలి టైర్లు వచ్చినవి. మనవారు దానికి ‘టైరు బండి’ అని పేరు పెట్టారు. టైరు వెడల్పు కావటంతో చక్రం తక్కువగా దిగింది. ఎడ్లకు శ్రమ తగ్గింది. లావు టైరు లాభం మన రైతుకు ఆనాడే తెలుసును.

సైకిలుకు మాత్రం సన్న టైరే నిలిచిపోయింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడింది. 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో వచ్చినవి. ఇవన్నీ తయారుచేసిన నల్ల సైకిలుకు 28 అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళాల టైరు. ఆ టైరు ఏ చిన్న ఊరి దుకాణంలోనైనా దొరికేది.

మంచు నుండి, ఎడారి నుండి

అమెరికాలో 1933లోనే ష్విన్ సంస్థ రెండు అంగుళాలకు పైబడిన బుడగ టైర్లు తెచ్చింది. కాని నేటి లావు టైరు పుట్టినది మంచులో, ఇసుకలో. అలాస్కాలో 1987లో మంచుదారి మీద సైకిలు పందెం మొదలైంది. మామూలు చక్రాలు మంచులో దిగిపోవటంతో కొందరు రెండు రిమ్ములను పక్కపక్కన అతికి వెడల్పు చేసుకున్నారు. అదే కాలంలో దక్షిణాన న్యూ మెక్సికో రాష్ట్రంలో రే మొలీనా ఎడారి ఇసుక కొరకు వెడల్పు రిమ్ములు, టైర్లు చేయించాడు. ఈ రెండు ప్రయత్నాలు కలిసి, 2005లో సర్లీ అనే సంస్థ ఇట్టి సైకిలును బజారుకు తెచ్చింది. 2013 డిసెంబరులో మరియా లైయర్‌స్టామ్ అనే బ్రిటిషు వనిత లావు టైర్ల మూడు చక్రాల సైకిలుపై దక్షిణ ధ్రువం చేరింది.

అరచేయి అంత నేల

ఇందులోని కిటుకు చాలా సులభమైనది. బరువును టైరులోని గాలి పీడనంతో భాగిస్తే, టైర్లు నేలను తాకే వైశాల్యం సుమారుగా వస్తుంది. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు అనుకుందాము. మామూలు టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు ఉంటే, రెండు చక్రాలు కలిసి తాకేది 20 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క చక్రం కింద అగ్గిపెట్టె అంత కూడ లేదు. లావు టైరులో గాలిని అర కిలోకు తగ్గించవచ్చును. అప్పుడు వైశాల్యం 160 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చక్రం కింద ఒక అరచేయి అంత. కనుక నేలపై ఒత్తిడి ఎనిమిదో వంతుకు తగ్గి, ఇసుక బరువును మోస్తుంది. టైరు సన్నదైతే ఇంత తక్కువ గాలితో రిమ్ము నేలకు తగులుతుంది. లావుగా ఉండటం అందుకే.

ఉపాధ్యాయులు దీనిని బడిలోనే చూపవచ్చును. సైకిలు చక్రాన్ని తడిపి, గళ్ల కాగితం మీద ఉంచి, ఒక విద్యార్థిని ఎక్కించండి. తడి మచ్చలోని గళ్లు లెక్కించండి. కొంత గాలి తీసి మళ్లీ లెక్కించండి. మచ్చ పెరగటం పిల్లలు కళ్లారా చూస్తారు.

అయితే తారురోడ్డు మీద ఇదే గుణం దోషమవుతుంది. మెత్తని టైరు ప్రతి చుట్టుకూ నలిగి తిరిగి లేస్తుంది. నలపటానికి పెట్టిన శక్తి అంతా తిరిగి రాదు. కొంత వేడిగా పోతుంది. ఆ నష్టం తొక్కేవాని కాళ్లదే. ఇక బీచుపల్లి పరిసరాలలోని నల్లరేగడి సంగతి వేరు. ఇసుక రేణువులు విడివిడిగా ఉంటాయి. తడి రేగడి జిగురుగా అంటుకుంటుంది. టైరు ఎంత వెడల్పయితే అంత మన్ను పట్టి, చట్రంలో ఇరుక్కుని చక్రం ఆగుతుంది. తుమ్మముల్లు లావు టైరును మన్నించదు. పాడైనప్పుడు ఆ కొలత టైరు, ట్యూబు పల్లెలో దొరకటం కష్టం.

కాబట్టి ఏటి ఇసుకలోనో, సముద్రపు ఒడ్డునో రోజూ తిరిగేవారికి లావు టైర్ల సైకిలు కొనదగినదే. తారురోడ్డు మీద బడికి పోయే విద్యార్థికి అది అనవసరపు శ్రమ, అనవసరపు ఖర్చు. అతని దారిలో ఫర్లాంగు ఇసుక మాత్రమే ఉంటే, దిగి తోసుకుపోవటంలో చిన్నతనమేమీ లేదు. చక్రం వెడల్పును నిర్ణయించవలసినది నేల. చూపుల సొంపు కాదు. కొనటానికి ముందు దుకాణానికి పోవటం కంటె, మన దారిని ఒకసారి నడిచి చూడటం మేలు.