రెండో వేషంలో నాలుగు దశాబ్దాలు: గుండు హనుమంతరావు నటజీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, మన బడిలో చదివి పెద్దవాళ్లయిన వారి గురించి రాయడానికి చాలామంది ఉన్నారు కదా అనిపించింది. బడి వార్షికోత్సవాల్లో నాకెప్పుడూ ద్వారపాలకుడి వేషమే దక్కేది. రాజుగారు డైలాగు మరిచిపోతే పక్కనుంచి అందించే పనీ నాదే. అందుకే నా మనసు రెండో వేషంలో నిలబడ్డవాళ్ల వైపే పోతుంది. ఆయన మన బడి విద్యార్థి కాకపోయినా, మనందరి ఇళ్లలోకీ ఏళ్ల తరబడి వచ్చిపోయిన అలాంటి నటుడే గుండు హనుమంతరావు.

ఆయన 1956 అక్టోబరు 10న విజయవాడలో పుట్టారు. మొదట మిఠాయి దుకాణం నడిపారు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1974లో, నాటకరంగంలోకి వచ్చారు. వేసిన తొలి వేషం రావణబ్రహ్మ. తర్వాత సినిమాల్లో మనం చూసిన ఆ అమాయకపు ముఖాన్ని తలుచుకుంటే నమ్మబుద్ధి కాదు గానీ, పరిషత్తు నాటకాల కాలంలో బెజవాడ నటులకు అదే బడి. మైకు అందినా అందకపోయినా చివరి వరుసకు మాట వినపడాలి. నవ్వు ఎక్కడ వస్తుందో, అది తగ్గేదాకా ఎంతసేపు ఆగాలో ప్రేక్షకుడే నేర్పుతాడు.

ఆ చదువు జంధ్యాల కంటపడింది. 1987లో వచ్చిన ‘అహ నా పెళ్ళంట’తో హనుమంతరావు సినిమా ప్రేక్షకులకు తెలిశారు. ఆ తర్వాత ‘రాజేంద్రుడు గజేంద్రుడు’, ‘యమలీల’ వంటి చిత్రాలతో మొదలుపెట్టి, మొత్తం సుమారు 400 సినిమాల్లో నటించారు. వాటిలో చాలావాటిలో ఆయన కనిపించేది కాసేపే. వచ్చి, నవ్వించి, వెళ్లిపోతారు. అంత సేపటిలోనే మనిషి గుర్తుండిపోవాలి. క్యారెక్టర్ ఆర్టిస్టు బతుకుతెరువంతా ఆ కాసేపటి మీదే ఉంటుంది.

ఇంతలో కాలం మారింది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక తెలుగింటి సాయంత్రాలు టీవీ ముందుకు చేరాయి. సినిమాలో రెండు సన్నివేశాలు చేసే నటుడికి సీరియల్లో వారం వారం పని దొరికింది. అయితే అక్కడి కష్టం వేరు. సినిమాలో ఒకసారి నవ్విస్తే చాలు. సీరియల్లో అదే మనిషిగా ప్రతి వారం రావాలి, పాతబడకూడదు.

2001 నవంబరులో జెమినీ టీవీలో ‘అమృతం’ మొదలైంది. సృష్టికర్త గుణ్ణం గంగరాజు. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు, వాళ్ల హోటలు, ఇంటి యజమాని అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం... ఇదీ ఆ లోకం. అమృతరావుకు ఒక ఆలోచన పుడుతుంది, అంజికి ఒక అనుమానం పుడుతుంది. అయినా అంజి స్నేహితుడి వెంటే నడుస్తాడు, తర్వాత ఇద్దరూ కలిసి మునుగుతారు. ఆదివారం రాత్రి ఆ సమయానికి భోజనాల కంచాలు టీవీ ముందుకు వచ్చేవి. మా ఇంట్లోనూ అంతే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆరేళ్లలో 300కు పైగా ఎపిసోడ్లు నడిచిన ఆ సీరియల్లో అమృతరావు వేషాన్ని ముగ్గురు వేశారు: శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. భార్య సంజీవిని పాత్రా చేతులు మారింది. అంజి మాత్రం మొదటినుంచి చివరిదాకా హనుమంతరావే. కొత్త అమృతరావు వచ్చిన మొదటి వారం ప్రేక్షకుడు కాస్త తడబడతాడు. పక్కన పాత అంజి నిలబడి, పాత చనువుతోనే విసుక్కుంటే, ‘సరే, ఇతనే అమృతరావు’ అని ఒప్పుకుంటాడు. కథానాయకుడు మారినా కథ ఆగకుండా నిలబెట్టినవాళ్లలో ఆ రెండో మనిషి ముందుంటాడు. సిరివెన్నెల రాయగా కల్యాణి మాలిక్ స్వరపరచి పాడిన టైటిల్ పాటను గుర్తు చేసుకోండి. సీరియల్ పేరు అమృతం, పాట మాత్రం ఆంజనేయుల్ని పిలుస్తూ మొదలవుతుంది!

టీవీ నటనకు ఆయనకు మూడుసార్లు నంది పురస్కారం లభించింది. కానీ నంది బొమ్మ ఆస్పత్రి ఖర్చులకు పనికిరాదు. చివరి సంవత్సరాల్లో మూత్రపిండాల వ్యాధి ఆయన్ను కుంగదీసింది. వైద్యానికి తోటి నటుల సాయమూ ప్రభుత్వ సాయమూ అవసరమయ్యాయి. సహాయ నటుడికి రోజు కూలే గానీ పింఛను ఉండదు. పాత ఎపిసోడ్లు ఈనాటికీ ఇంటర్నెట్‌లో మనల్ని నవ్విస్తూనే ఉన్నాయి. ఆ నవ్వు పుట్టించిన మనిషి మాత్రం మందుల కోసం ఇతరుల వైపు చూడాల్సి వచ్చింది. 2018 ఫిబ్రవరి 19న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు.

2020లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు అమృతరావుగా హర్షవర్ధన్ మళ్లీ వచ్చారు. అంజి వేషం ఎల్.బి.శ్రీరామ్ వేశారు. ఆయన చేయి తిరిగిన నటుడు, సొంత బాణీలో బాగానే చేశారు. అయినా మా ఇంట్లో మొదటి ఎపిసోడ్ చూస్తూ మా ఆవిడ, ‘అంజి ఏడండీ?’ అంది. తెరమీద అంజి ఉన్నాడు. ఆమె అడిగింది ఎవరినో నాకు తెలుసు.

ఈసారి మనం స్వర్ణోత్సవానికి కలిసినప్పుడు వేదిక మీది పెద్దలకు ఎలాగూ శాలువాలు కప్పుతాం. ఏళ్ల తరబడి చందాలు వసూలు చేసి, చిరునామాలు రాసిపెట్టి, కుర్చీలు వేయించినవాళ్లు మన సంఘంలో కొందరున్నారు. అధ్యక్షులు మారారు, వాళ్లు మారలేదు. ఆరోజు వాళ్లనీ ఒకసారి పేరుపెట్టి పిలుద్దాం. ఒంట్లో బాగాలేనివారుంటే కబురు వచ్చేదాకా ఆగకుండా మనమే వెళ్లి పలకరిద్దాం.