17 గ్రాములు.. 14 ఏళ్లు

2021 ఆగస్టు 14. మాస్కోలోని షెరెమెత్యెవో విమానాశ్రయం. అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికులు కస్టమ్స్ దగ్గరకు చేరారు. వాళ్లలో అరవై ఏళ్ల చరిత్ర టీచరు ఒకాయన, పక్కనే భార్య. ఈ ఊరు ఆయనకు కొత్త కాదు. తొమ్మిదేళ్లుగా ఇక్కడి ఆంగ్లో అమెరికన్ స్కూల్లో పాఠాలు చెబుతున్నాడు. రాయబార కార్యాలయాల పిల్లలెందరో ఆయన శిష్యులు. ఈ ఒక్క సంవత్సరం గడిస్తే రిటైరై ఇంటికి వెళ్లిపోవచ్చు. పేరు మార్క్ ఫోగెల్. అధికారులు ఆయన సామాను తెరవమన్నారు.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే చిన్న డబ్బా దొరికింది. మూత తీశారు. లోపల ఎండు గంజాయి. ఇంకొంచెం ప్లాస్టిక్ కవర్లో. ఇ-సిగరెట్ గొట్టాల్లో గంజాయి నూనె. అంతా కలిపి తూచితే సుమారు 17 గ్రాములు, గుప్పిట మూస్తే కనిపించనంత. భార్యను వెళ్లనిచ్చారు. ఆయన్ని మాత్రం ఆపేశారు. ఇంటికి వెళ్లే దారి అక్కడికక్కడే మూసుకుపోయింది.

ఆయన దాచిపెట్టి బొంకలేదు. తెచ్చిన మాట నిజమే, నొప్పి కోసమే తెచ్చాను అన్నాడు. వెన్నెముక, తుంటి, మోకాలు.. ఒకదాని తరవాత ఒకటి ఆపరేషన్లయిన ఒళ్లు. నిలబడి పాఠం చెప్పాలంటే నొప్పి, కూర్చుని పేపర్లు దిద్దాలంటే నొప్పి. ఆయన సొంత రాష్ట్రం పెన్సిల్వేనియా 2016లోనే వైద్యానికి గంజాయిని అనుమతించింది. డాక్టరు సిఫారసు ఉంది. అక్కడ అది మందు. ఇక్కడ అది నేరం. రెండింటి మధ్య ఉన్నది ఒక్క విమాన ప్రయాణం.

ఇంకొక సంగతి ఆయన మీద మరింత బరువుగా పడింది. 2021 మే దాకా ఫోగెల్ దంపతులకు దౌత్య హోదా ఉండేదని రష్యా అధికారులే తరవాత ప్రకటించారు. మేలో అది పోయింది. ఆగస్టులో పెట్టె తెరుచుకుంది. మధ్యలో మూడంటే మూడు నెలలు. ఇక ఆయన అందరిలాంటి విదేశీయుడు. అందరికీ వర్తించే చట్టమే ఆయనకూ.

ఆ చట్టం ఎంత లోతుకు కోస్తుందో తెలియడానికి పది నెలలు పట్టింది.

ఈలోగా హైదరాబాద్‌లో అమీర్‌పేట తన పనిలో తానుంది. మైత్రీవనం చుట్టూ గోడలు కనిపించకుండా కోచింగ్ బోర్డులు. మెట్రో స్టేషన్ కింద జెరాక్స్ షాపుల్లో ఆగని మెషిన్ల చప్పుడు, వేడెక్కిన కాగితం వాసన, వాన పడితే చెప్పులకు అంటుకునే బురద. హాస్టల్ గదుల్లో మంచం మీద తెరిచిన సూట్‌కేసు, పక్కన ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ సీసా, కారప్పొడి పొట్లం, అమ్మ కట్టిన మాత్రల సంచి, లగేజీ బరువు చూసే చేతి కాటా, ఫోనులో అవతలి నుంచి నాన్న గొంతు, "అన్నీ పెట్టుకున్నావా నాన్నా" అని పదోసారి అడగడం. సర్టిఫికెట్లు మూడేసిసార్లు చూసుకుంటారు. మాత్రల సంచి మాత్రం ఎవరూ విప్పి చూడరు.

చూడాలి. దుబాయ్ వెళ్లే పెట్టెలో గసగసాలు ఉంటే అక్కడ అది నిషిద్ధ వస్తువు. మన వీధి చివర మందుల షాపులో దొరికే కొన్ని నొప్పి మాత్రలకు, నిద్ర మాత్రలకు అక్కడి అధికారుల దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. సింగపూర్‌లో 500 గ్రాములకు మించిన గంజాయి రవాణాకు ఉరిశిక్ష దాకా ఉంది. అమెరికాలో ఇంకో చిక్కు. న్యూజెర్సీలో ఉద్యోగం చేసే మన కుర్రాడికి అక్కడి రాష్ట్రం గంజాయి కార్డు ఇస్తుంది. ఫెడరల్ చట్టం మాత్రం దాన్ని ఒప్పుకోదు. వీసాలు, పౌరసత్వాలు చూసేది ఆ ఫెడరల్ ప్రభుత్వమే. రాష్ట్రంలో నేరం కాకపోయినా సరే, గంజాయి వాడకం పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తనకు అడ్డు కాగలదని అమెరికా వలస శాఖ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పింది. కార్డు ఇచ్చిన చెయ్యి ఒకటి. పౌరసత్వం ఆపే చెయ్యి ఇంకొకటి.

మాస్కో శివార్లలో ఖిమ్కి కోర్టు. 2022 జూన్. న్యాయమూర్తి తీర్పు చదివారు. భారీ మొత్తంలో మాదకద్రవ్యాల స్మగ్లింగ్. డాక్టరు సిఫారసుకు విలువ దక్కలేదు. ఆపరేషన్ల చరిత్రకు విలువ దక్కలేదు. 14 ఏళ్ల జైలు. అరవై దాటిన మనిషికి 14 ఏళ్లు అంటే లెక్క ఎవరికైనా తెలుస్తుంది. పెన్సిల్వేనియాలో తొంభై దాటిన ఆయన తల్లికి ఆ లెక్క ఇంకా బాగా తెలుసు.

అదే పెట్టె శంషాబాద్‌లో తెరుచుకుని ఉంటే?

ఇక్కడ 1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ ఉంది. మొక్కలో ఏ భాగం అన్నదాన్ని బట్టి అది మాట్లాడుతుంది. పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. జిగురు తీస్తే చరస్. పూత లేని ఒట్టి ఆకు, గింజ ఈ నిర్వచనంలోకి రావు. అందుకే శివరాత్రి భంగు ఒక దారిన, గంజాయి ఇంకో దారిన నడుస్తాయి. గంజాయి కిలో దాకా ఉంటే చిన్న మొత్తం: ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం: పదేళ్లకు తగ్గని శిక్ష. 17 గ్రాములకు ఇక్కడ 14 ఏళ్లు పడవు. కానీ అరెస్టు కావచ్చు, కేసు తప్పదు, పాస్‌పోర్టు కోసం కోర్టు చుట్టూ తిరగాల్సి రావచ్చు. గొట్టాల్లో నూనె ఉంటే అది చరస్ లెక్కలోకి పోతుంది. ఆ గొట్టం ఇ-సిగరెట్ కాబట్టి 2019 నిషేధ చట్టం కూడా తోడవుతుంది. విదేశీ డాక్టరు చీటీ చూపించినంత మాత్రాన గంజాయి తెచ్చుకునే అనుమతి వచ్చినట్టు కాదు. పైగా 2025లో బ్యాంకాక్ నుంచి దిగినవాళ్ల సామాన్లలో హైడ్రోపోనిక్ గంజాయి వరుసగా పట్టుబడ్డాక శంషాబాద్‌లో కళ్లు ఇంకా పదునెక్కాయి. దొంగ సరుకు తెచ్చినవాడు, మందు తెచ్చుకున్న రోగి ఒకే వరసలో నిలబడాలి. ఎవరు ఎవరో స్కానర్‌కు తెలియదు.

ఈ మొక్కను పాశ్చాత్య వైద్యానికి పరిచయం చేసింది మన దేశంలో ఉద్యోగానికి వచ్చిన ఒక విదేశీయుడే. ఐర్లండ్ డాక్టరు విలియం ఓషానెసీ. 1833లో కలకత్తా చేరాడు. అక్కడి మెడికల్ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. స్థానిక వైద్యులు గంజాయిని ఎలా వాడుతున్నారో అడిగి తెలుసుకున్నాడు. ముందు జంతువుల మీద, తరవాత కీళ్లవాతం, ధనుర్వాతం, కలరా రోగుల మీద పరీక్షించాడు. 1839లో ఒక పసికందు ఆయన దగ్గరకు వచ్చింది. నలభై రోజుల బిడ్డ. ఆగని ఫిట్స్. జలగలు పెట్టారు. నల్లమందు ఇచ్చారు. ఏదీ పని చేయలేదు. చివరికి ఆయన గంజాయి టింక్చరును చుక్క చుక్కగా మొదలుపెట్టాడు. ఫిట్స్ తగ్గాయి. మళ్లీ వచ్చాయి. మోతాదు పెంచాడు. డిసెంబర్ నాటికి బిడ్డ కోలుకుందని రాసుకున్నాడు. సుమారు 180 ఏళ్ల తరవాత, 2018లో, పిల్లల్లో మొండి మూర్ఛలకు అదే మొక్క నుంచి తీసిన కానబిడియాల్ మందును అమెరికా ఆమోదించింది. దాని జనరిక్ కోసం అక్కడ దరఖాస్తు పెట్టిన కంపెనీల్లో హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి. మందు తయారీ మన ఊళ్లోనే. రోగి పెట్టెకు దారి మాత్రం ఇంకా లేదు.

ఆ దారి లేకపోతే ఏమవుతుందో పంజాగుట్టకు బాగా తెలుసు.

నిమ్స్ గేటు ముందు పొద్దున్నే ఓపీ చీటీల వరస. ఎముకల ఆసుపత్రిగా మొదలైన చోటు ఇది. నడుం పట్టుకున్నవాళ్లు, చేతికర్ర ఊతంతో వచ్చినవాళ్లు, ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి కూర్చునే వచ్చి ఇప్పుడు కూర్చోలేక గోడకు ఆనుకున్నవాళ్లు, ఎక్స్‌రే కవరును గుండెకు హత్తుకుని తండ్రి పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించిన కొడుకులు, అందరూ అడిగేది ఒకటే: నొప్పి తగ్గాలి. 1985 చట్టం గంజాయి ఒక్కదాన్నే కట్టడి చేయలేదు. కాన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్‌ను కూడా లైసెన్సుల ముళ్ల కంచెలో బిగించింది. పొరపాటున తప్పు జరిగినా జైలే అని మందుల షాపులు భయపడ్డాయి. ఆసుపత్రులు తెప్పించడం మానేశాయి. పన్నెండేళ్లలో దేశంలో మార్ఫిన్ వాడకం తొంభై శాతానికి పైగా పడిపోయింది. నల్లమందు పండించి ప్రపంచానికి అమ్మే దేశంలో మన రోగులు పళ్ల బిగువున నొప్పి ఓర్చుకున్నారు. నొప్పి తగ్గించే డాక్టర్లు ఏళ్ల తరబడి ఢిల్లీ తలుపులు తట్టారు. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్ దారి కొంత సడలింది. అడిగితే చట్టం మారుతుందని ఆ రోజు రుజువైంది. కానీ గంజాయి దగ్గరకొచ్చేసరికి అంత గట్టి గొంతు వినిపించలేదు.

రష్యా జైల్లో ఫోగెల్ గొంతు కూడా వినిపించలేదు.

అందరి కళ్లూ ఇంకొకరి మీద నిలిచాయి. బాస్కెట్‌బాల్ తార బ్రిట్నీ గ్రైనర్. 2022 ఫిబ్రవరిలో అదే విమానాశ్రయంలో పట్టుబడింది. ఆమె దగ్గర దొరికిన నూనె ఒక గ్రాము కూడా లేదు. ఆమెకూ నొప్పే, ఆమెకూ అరిజోనా డాక్టరు సిఫారసే. అదే ఖిమ్కి కోర్టు తొమ్మిదేళ్లు వేసింది. డిసెంబర్ 8న అబుదాబి రన్‌వే మీద ఖైదీల మార్పిడి జరిగింది. ఆయుధాల వ్యాపారి విక్టర్ బూట్ అటు, గ్రైనర్ ఇటు. ఫోగెల్ పేరు జాబితాలో లేదు. 2024 ఆగస్టు 1న ఇంకా పెద్ద మార్పిడి జరిగింది. జర్నలిస్టు ఇవాన్ గెర్ష్‌కోవిచ్ విడుదలయ్యాడు. ఫోగెల్ పేరు మళ్లీ లేదు. ఆయన అన్యాయంగా నిర్బంధంలో ఉన్నాడని అమెరికా ప్రభుత్వం ప్రకటించడానికే 2024 డిసెంబర్ దాకా పట్టింది. టీచరు తోటి ఖైదీలకు ఇంగ్లీషు చెబుతూ రోజులు దొర్లించాడు. బయట ఆయన కోసం పరుగెత్తుతున్నది ఎక్కువగా ఇంటివాళ్లు, పాత శిష్యులు. ఆ పరుగులో ముందున్నది 95 ఏళ్ల తల్లి.

2024 జూలై 13. పెన్సిల్వేనియాలోని బట్లర్. ఎండ మండిపోతోంది. డొనాల్డ్ ట్రంప్ ఎన్నికల సభ. వేదిక వెనక ఆ తల్లి ఆయన్ని కలిసింది. నా కొడుకును విడిపించమని అడిగింది. ఆయన మాటిచ్చాడు. కాసేపటికే వేదిక వైపు తూటాలు పేలాయి. ట్రంప్ చెవి నుంచి నెత్తురు. ప్రపంచమంతా ఆ తూటాల గురించే మాట్లాడుకుంది. ఒక ముసలితల్లికి ఇచ్చిన మాట ఆ రణగొణలో బతికిందా?

బతికింది. 2025 ఫిబ్రవరి 11న అమెరికా దూత స్టీవ్ విట్‌కాఫ్ విమానంలో ఫోగెల్ మాస్కో వదిలాడు. రాత్రికి వాషింగ్టన్ చేరాడు. బదులుగా బిట్‌కాయిన్ కేసు నిందితుడు అలెగ్జాండర్ విన్నిక్‌ను అమెరికా వదిలిపెట్టింది. 17 గ్రాముల మందుకు మూడున్నరేళ్ల జైలు, రెండు దేశాల అధ్యక్షుల బేరం.

ఆ బేరం అందరికీ కుదరదు. కరీంనగర్ నుంచి దోహా వెళ్లిన కూలీ కోసం, కర్నూలు నుంచి సింగపూర్ వెళ్లిన టెకీ కోసం ఏ అధ్యక్షుడూ విమానం పంపడు. అందుకే మైత్రీవనం దగ్గర వీసా ఫైలు కట్టే ప్రతి చోటా ఒక పని జరగాలి. పెట్టెలోని ప్రతి మందు పేరు రాసుకుని, వెళ్లే దేశపు రాయబార కార్యాలయాన్ని ముందే రాతపూర్వకంగా అడగాలి. జవాబు వచ్చేదాకా ఆ మందు పెట్టెక్కకూడదు.

రెండో పని ప్రభుత్వాలది. గంజాయిని అతి ప్రమాదకర మాదకద్రవ్యాల జాబితా నుంచి తీయాలని 2020 డిసెంబర్ 2న ఐక్యరాజ్యసమితి కమిషన్ వియన్నాలో ఓటేసింది. 27 దేశాలు అవును, 25 దేశాలు కాదు. భారత్ అవును అంది. మన చట్టం కూడా వైద్య అవసరానికి తలుపు పూర్తిగా మూయలేదు. ఆ తలుపు ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో రోగికి తెలిసేలా చెప్పలేదంతే. పంజాగుట్టలో వరసలో నిలబడ్డ మనిషికీ, విదేశం నుంచి నొప్పితో ఇక్కడికొచ్చి ఉంటున్న మనిషికీ ఒకే ఒక్క పేజీలో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, ఏ మందు తెచ్చుకోవచ్చు, ఎవరిని అడగాలి, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అని రాసి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. వియన్నాలో ఎత్తిన చెయ్యి ఆ పేజీ మీద సంతకం పెడితే చాలు.