ఫిరంగి ఖడ్గం: గుర్తింపు, విలువ – ఆత్మకూరు, శ్రీశైలం దారి నేపథ్యంలో ఒక పరిశీలన

నంద్యాల జిల్లా ఆత్మకూరు నల్లమల అంచున ఉన్న ఊరు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి పోయే పాత కాలిబాట ఈ ప్రాంతం నుండే అడవిలోకి ప్రవేశిస్తుంది. శ్రీశైలంలో భ్రమరాంబిక ఛత్రపతి శివాజీకి ఖడ్గం ప్రసాదించిందన్న కథ యాత్రికులకు సుపరిచితం. శివాజీ ఖడ్గంగా ప్రసిద్ధి పొందిన వాటిలో ఒకటి మాత్రం ఐరోపాలో తయారైన అలుగు కలిగి ఉంది. దేవి ఇచ్చినదిగా కీర్తి పొందిన ఖడ్గం, సముద్రం దాటి వచ్చిన అలుగు అనే ఈ రెండింటి మధ్య చరిత్రకారుడు విలువను ఎలా నిర్ణయించాలన్నది ఈ వ్యాస విషయం.

ఫిరంగి అంటే ఏమిటి?

నేటి తెలుగులో ఫిరంగి అంటే తోపు. దక్కను ఆయుధ పరిభాషలో అదే మాట పరంగి దేశాల నుండి వచ్చిన అలుగుకు స్థానికంగా పిడి అమర్చిన ఖడ్గాన్ని సూచిస్తుంది. పోర్చుగీసు నౌకల ద్వారా 16వ శతాబ్దం నుండి ఇటువంటి అలుగులు పడమటి తీరానికి చేరాయి. 17వ శతాబ్ది తొలి దశకాలలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కూడా వీటిని సరుకుగా తెచ్చింది.

ఇందులో ఒక వైచిత్రి ఉంది. అదే కాలంలో తెలుగు నేల ఉక్కును ఎగుమతి చేస్తున్నది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు అక్కడికే వచ్చేవారు. మూస ఉక్కుతో చేసిన అలుగుకు పదును, అందం ఉన్నా పెళుసుదనం ఎక్కువ. ఐరోపా అలుగు పొడవుగా, నిటారుగా ఉండి, వంచితే తిరిగి యథాస్థితికి వచ్చేది. కనుక ఉక్కును అమ్మిన దేశమే అలుగును కొనడం అసంగతం కాదు.

గుర్తింపు ఆధారాలు

మొదటి ఆధారం లోహం. మూస ఉక్కు అలుగుపై తగిన ఆమ్లద్రావణం పూస్తే నీటి అలల వంటి చారలు తేలుతాయి. ఐరోపా అలుగుపై అవి కనిపించవు. రెండవది రూపం: తిన్నని పొడవైన అలుగు, దాని వెంట చెక్కిన సన్నని కాలువలు. మూడవది అతుకు: పిడి నుండి కిందికి సాగిన ఇనుప పట్టీలను అలుగుకు ఇరువైపులా చీలలతో బిగిస్తారు. చేతిని కప్పే గిన్నె వంటి రక్షణ, చివర మేకు వంటి పొడుగు కొన ఉన్న పిడి ఇక్కడి ఖండా సంప్రదాయానికి చెందినది.

నాలుగవది ముద్ర. పరుగెత్తే తోడేలు బొమ్మ జర్మనీలోని పస్సావు, జోలింగెన్ పనివారిది. చంద్రవంకల జంట ఇటలీలోని జెనోవాకు సంబంధించినదిగా ప్రసిద్ధం. అంగడిలో ఎక్కువ ధర పలికించేది ఈ ముద్రలే. అయితే వీటిని ఐరోపాలోనే ఒక ఊరివారు మరొక ఊరివారి నుండి అనుకరించారు. భారతీయ కమ్మరులూ తమ అలుగులపై కొట్టారు. కాబట్టి ముద్ర తయారీ స్థలానికి సాక్ష్యం కావచ్చు. కొనుగోలుదారు ఏ పేరును నమ్మాడన్న దానికి మాత్రమే సాక్ష్యం కావచ్చు. మిగిలిన మూడు ఆధారాలతో కలిపి చూడకుండా ముద్రను ప్రమాణంగా గ్రహించరాదు.

శివాజీ ఖడ్గం: మూడు సాక్ష్యాలు

1677లో గోలకొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్‌షాతో సంధి చేసుకొని శివాజీ దక్షిణానికి సాగాడు. కృష్ణలో భవనాశి కలిసే నివృత్తి సంగమంలో స్నానమాడి శ్రీశైలం చేరాడు. ఆత్మకూరు పరిసరాలకూ ఈ ప్రయాణానికీ ఉన్న సంబంధం ఈ సంగమమే. శివాజీ అక్కడ శిరస్సు సమర్పించబోగా దేవి వారించిందని 17వ శతాబ్ది చివరి సభాసదు బఖరు చెబుతుంది. ఆ కథనంలో దేవి చేసినది వారించడం. ఖడ్గ ప్రదానం ప్రజల నోట పెరిగిన కథ.

రెండవ సాక్ష్యం కొంకణానిది. సావంతు వంశీకులకు పరంగి నౌక నుండి దక్కిన ఖడ్గాన్ని శివాజీ 1659లో 300 హొన్నులిచ్చి గ్రహించాడన్నది అక్కడి సంప్రదాయం. హొన్ను అంటే మన వరహా. ఈ సంప్రదాయమే నిజమైతే శ్రీశైల యాత్రకు 18 ఏళ్ల ముందే ఆ ఖడ్గం ఆయన చేతిలో ఉన్నట్లు.

మూడవ సాక్ష్యం వస్తువే. 1875–76లో భారతదేశం సందర్శించిన వేల్స్ యువరాజుకు కొల్హాపురం రాజు బహూకరించిన ఖడ్గం నేడు బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉంది. దాని అలుగు ఐరోపా పనితనం. దానిపై యేసు నామాన్ని సూచించే ఐహెచ్‌ఎస్ అక్షరాలున్నాయి. పిడి భారతీయం, రత్నఖచితం. అలుగు ఎక్కడిదో దీనివల్ల తెలుస్తుంది. అది 1677లో నల్లమల దాటిందని మాత్రం ఈ అక్షరాలు చెప్పవు.

విలువ ఎక్కడ?

అలుగు తయారీ స్థలాన్ని, పిడి వాడుక స్థలాన్ని, పత్రం యాజమాన్యాన్ని, కథ గౌరవాన్ని తెలుపుతాయి. అంగడి ఈ నాలుగింటినీ ఒకే ధరలో కలిపివేస్తుంది. చరిత్ర వాటిని విడదీసి తూచాలి. 2024లో లండన్ నుండి సాతారాకు అరువుగా వచ్చిన పులిగోళ్ల ఆయుధం విషయంలోనూ, శివాజీ వాడినది అదేనని నిర్ధారించలేమని దాన్ని పంపిన విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమే స్పష్టం చేసింది. అందువల్ల జనం దానికిచ్చిన విలువ తగ్గలేదు. సాక్ష్యం తీరు మాత్రం తేటపడింది.

ఈ వివేచన రాయలసీమ గ్రామాలలో మిగిలిన ఆయుధాలకూ వర్తిస్తుంది. నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నిషిద్ధం. చట్టం వస్తువును ఆపగలదు గాని దాని సందర్భాన్ని కాపాడలేదు. తుప్పు తీయాలని గట్టిగా రుద్దితే ముద్ర పోతుంది. పిడి ఊడదీసి వేరుగా అమ్మితే స్థానిక కమ్మరి పని అనాథమవుతుంది. ఊరు, ఇల్లు, వంశకథ నమోదు కాకుండా చేతులు మారిన కత్తి ఎంత ధర పలికినా ఈ నేల చరిత్రకు సాక్ష్యం చెప్పలేదు. పరిశోధకుడు ముందుగా రాసుకోవలసినది ముద్రను కాదు, ఆ కత్తి దొరికిన ఊరి పేరును.