విమానచోదకుల అలసట

నిద్రలేమిచేతను, దీర్ఘజాగరణచేతను, దేహమునకు సహజమైన దివారాత్ర లయ చెదరుటచేతను, విరామమెఱుగని పనిచేతను పైలట్లు మనోదేహముల చుఱుకుదనము కోల్పోవు స్థితిని విమానయానమున శ్రాంతి యని వ్యవహరింతురు. నేర్పరియైన పైలటునకును ఇది తప్పదు. సంకల్పబలమున దీనిని కొంతసేపు కప్పిపుచ్చవచ్చునేగాని తొలగింప వీలుగాదు. రాత్రి రెండు గంటలు మొదలు తెల్లవాఱి ఆఱు గంటలవఱకు దేహము నిద్రనే కోరుచుండును గాన, ఆ వేళ అవధానము, జ్ఞాపకము, నిర్ణయశక్తి మిక్కిలి సన్నగిల్లును. పదునేడు గంటలు ఎడతెగక మేల్కొనియున్నవాని పనితనము, రక్తమున 0.05 శాతము మద్యమున్నవాని పనితనమంత క్షీణించునని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. త్రాగివచ్చిన పైలటును శ్వాసపరీక్ష పట్టియిచ్చును. అలసివచ్చినవానిని పట్టియిచ్చు అట్టి పరీక్ష యింకను లేదు. అంతకన్న ఘోరమేమనగా, అలసినవానికే తన యలసట పరిమాణము సరిగా తెలియదు.

1993 ఆగస్టు 18న క్యూబాలోని గ్వాంటనామో బేలో ఒక డీసీ-8 సరకు విమానము దిగబోవుచు కూలగా, అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి పైలట్ల శ్రాంతిని ప్రమాదమునకు ముఖ్యకారణముగ తొలిసారి నిర్ణయించెను.

మనదేశమున ఈ విషయమై అధ్యయనము చేయువారు మొదట పరిశీలింపవలసినది మంగళూరు దుర్ఘటన. 2010 మే 22 ఉదయము ఆఱు గంటల ప్రాంతమున, దుబాయినుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812వ విమానము కొండకొమ్మున నున్న రన్‌వేను దాటి లోయలో పడి దగ్ధమైపోగా, అందున్న 166 మందిలో 158 మంది మరణించిరి. కాక్‌పిట్ ధ్వనిముద్రణములో తొలి గంటన్నరకు పైగా సంభాషణయే లేక, కమాండరు గుఱ్ఱు మాత్రము వినవచ్చినది. విమానము మితిమీఱిన యెత్తున, వేగమున దిగుచుండగా కో-పైలటు మరల పైకి లేపుమని మూడుసార్లు హెచ్చరించినను, నిద్రనుండి లేచినవాని బుద్ధిని కొంతసేపు ఆవరించు మాంద్యమువలన కాబోలు, కమాండరు ఆ మాట చెవిని పెట్టలేదు; సుమారు 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు గడచినపిమ్మటగాని చక్రములు నేలను తాకలేదు. ఆయన సెలవు గడిపి కొలది దినముల క్రిందటనే విధులలో చేరినవాడు. సెలవులలో తీసికొన్న విశ్రాంతిని ధాన్యమువలె నిలువచేసికొని తెల్లవాఱుజామున వాడుకొనుటకు వీలులేదనుట దీనివలన స్పష్టమగుచున్నది. కమాండరు నొక్కని నిందించి ఊరకుండువారు, అదే సిబ్బందిని రాత్రి పంపి తెల్లవాఱుసరికి తిరిగి రప్పించు పద్ధతిని విస్మరించుచున్నారు.

దీర్ఘయానములలో వంతులవారీగ, అనుమతితో తీయు చిన్న కునుకు పైలటు అప్రమత్తతను పెంచునని 1994లో నాసా వెలువరించిన పరిశోధన తెలుపుచున్నది. అయినను రాత్రి డ్యూటీలను తగ్గించుటకు అది బదులు కానేరదు.

భారత పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ 2024 జనవరిలో పైలట్ల డ్యూటీ, విశ్రాంతి నియమములను సవరించి, వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచి, రాత్రివేళ నిర్వచనమును ఉదయము ఐదు గంటలనుండి ఆఱు గంటలవఱకు పొడిగించి, రాత్రి ల్యాండింగులను ఆఱునుండి రెంటికి తగ్గించెను. విమానసంస్థల అభ్యంతరములచే జాప్యమై, ఢిల్లీ హైకోర్టు జోక్యముపిమ్మట ఇవి 2025 జులై 1, నవంబరు 1 తేదీలలో రెండు దశలుగ అమలునకు వచ్చినవి. ఆ డిసెంబరులోనే ఇండిగో సంస్థ వేలకొలది విమానములను రద్దుచేయగా, శంషాబాదు మొదలుకొని దేశమంతటను ప్రయాణికులు విమానాశ్రయములలో చిక్కుపడిరి. ప్రభుత్వము ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నియమములనుండి 2026 ఫిబ్రవరి 10వఱకు మినహాయింపు నొసగినది. ప్రయాణికుల ఆ బాధకు మూలము విశ్రాంతి నియమమని చెప్పుట న్యాయము గాదు. దాదాపు రెండేండ్ల వ్యవధి యుండియు దానికి చాలినంతమంది పైలట్లను సంస్థ సమకూర్చుకొనలేదు. ఆ కొఱతను పైలట్ల నిద్ర తగ్గించి పూరించుట ప్రయాణికుల ప్రాణరక్షణ దృష్ట్యా సమర్థనీయము గాదు.